నాయన ఒంటి కొలత

ఒర్లియంపేట, పుదుచ్చేరి,
శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు శరవణన్‌కు అక్క లోగనాయకి దీవెనలు.

ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. అక్కడ నువ్వూ మరదలు దీపా పాప ఇలక్కియా క్షేమమని తలుస్తాను. నాయన సంగతి కింద రాస్తాను. నీ అలవాటు ప్రకారం ముందే ఆఖరి పేజీ తిప్పి చూడకు, వరసగా చదువు.

నీ ఉత్తరం అందింది. యానాంకు బదిలీ అయిన ఇన్నాళ్ళకు తెలుగు రాయడం పట్టుకున్నావు, మెచ్చుకున్నాను. కానీ ఒరేయ్, ‘మేము పాగున్నాము’ అని రాశావు. ‘పావను అడిగినానని చెప్పు’ అని రాశావు. అరవం బడిలో చదివిన చెయ్యి కదా, బకూ పకూ తేడా దానికి దొరకదు. ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తే మీ బావ, ‘ఇన్నాళ్ళకు నాకొక కొత్త పదవి ఇచ్చినాడే మీ తమ్ముడు’ అని పొద్దంతా నవ్వుతూనే ఉన్నాడు. నువ్వేం సిగ్గుపడకు. యానాం ఆస్పత్రిలో పనిచేసిన కొత్తల్లో నేను ఇంతకంటే ఘోరంగా రాసేదాన్ని. మన ఇంట్లో మాట తెలుగు, రాత అరవం, తాతల నాటినుంచీ అంతే కదా. మనవాళ్ళలో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే, ఇప్పుడు నీకు.

అందుకే ఇదంతా ఫోనులో చెప్పకుండా రాస్తున్నాను. నువ్వు ఫోను చేసినప్పుడల్లా నాయన స్పీకర్లో పెట్టమంటాడు. డ్యూటీలో ఉన్నప్పుడు చేయొచ్చు కదా అంటావేమో, చేశాను. నిన్న రెండుసార్లు నీ నంబరు నొక్కాను. ‘ఏందక్కా’ అని నీ గొంతు వినబడేసరికి ఊరికే చేశానని చెప్పి పెట్టేశాను. ఈ కాగితమైతే బల్ల మీద వదిలేసి వంటింట్లోకి పోయినా ఎవరికీ అర్థం కాదు. ఇప్పుడు కూడా నాయన నాకు ఎదురుగా కిటికీ పక్కన కూర్చున్నాడు. ‘ఏంది అంత సేపు రాస్తా ఉండావు?’ అని అడిగాడు. శరవణన్‌కు అన్నాను. ‘వాడు కరెంటు స్తంభం ఎక్కేటప్పుడు గ్లవుసులు ఏసుకుంటాడా లేదా అడుగు’ అన్నాడు. అడిగాను, జవాబు రాయి.

నాయన ఏం తింటున్నాడని అడిగావు. ఏం తింటాడురా, ఉప్పు లేని కూర, కొలిచి పోసిన నీళ్ళు. దాహమని ఎంత అడిగినా రోజుకు ఒక చెంబు దాటనివ్వను, అదే మా ఇద్దరికీ రోజూ జరిగే పోట్లాట. మొన్న ఇరుసప్పన్ మామ పలకరించడానికి వచ్చి జేబులో ఉప్పుచేపలు, అదే ఎండు నెత్తళ్ళు, దాచి తెచ్చాడు. ఇద్దరూ బట్టల మిల్లులో ఒకే షిఫ్టు చేసినవాళ్ళు, దొంగతనాలు కూడా ఒకటిగానే చేస్తారు. వాసన దాగుతుందా? నేను అరిచేసరికి మామ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పారిపోయాడు. నాయన మాత్రం, ‘నేను తినలేదు, వాసన చూసినానంతే’ అన్నాడు. తర్వాత ఆ నెత్తళ్ళు పారేస్తుంటే నాకే ఏడుపొచ్చింది.

నువ్వు అడిగిన రెండో ప్రశ్న, నేను చేసే కొలత గురించి. ‘నాయన ఒంట్లోకి నీ చేత్తోనే కరెంటు పంపుతావంట, నీకు భయం లేదా’ అని రాశావు. అందరికీ అదే భయం. కిరుమాంబాక్కం నుంచి మంగళం అనే ఒక ముసలావిడ నాయనలాగే డయాలసిస్‌కు వస్తుంది. మొదటిసారి నేను స్టిక్కర్లు అంటించబోతే గట్టిగా ఏడ్చి, ‘నాకు పిచ్చి లేదమ్మా, కరెంటు పెట్టొద్దమ్మా’ అని నా చేతులు పట్టుకుంది. ఇది ఆ కరెంటు కాదని చెప్పి, నా చేతికే అంటించుకుని చూపిస్తే గానీ నమ్మలేదు. చీమ కుట్టినంత కూడా తెలియదురా. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి చేతికి రెండు, కాలికి రెండు స్టిక్కర్లు వేస్తాను. ఒక జత గుండా సన్నని కరెంటు ఒంట్లోకి పోయి వస్తుంది. రెండో జత, అది పోయిన దారిలో ఎంత అడ్డు తగిలిందో కొలుస్తుంది. నీళ్ళున్న చోట అది సులువుగా పోతుంది, కొవ్వు దగ్గర తడబడుతుంది. మూత్రపిండాలు పనిచేయని వాళ్ళకు ఒంట్లో ఎంత నీరు చేరిందో, డయాలసిస్‌లో ఎంత తీయాలో దాన్నిబట్టి అంచనా కడతారు.

ఇంకోటి కూడా చెబుతుంది. నీకు తేలిగ్గానే తెలుస్తుంది, మీ లైన్ల పనే. భూమిలో వేసిన కేబులుకు మెగ్గర్ పెట్టి పైతొడుగు బాగుందా, లోపల చివికిపోయిందా అని చూస్తారు కదా. ఒంట్లో కూడా ప్రతి కణానికీ ఒక పలచని తొడుగు ఉంటుంది. అది గట్టిగా ఉంటే వచ్చిన కరెంటును రవ్వంతసేపు పట్టి ఉంచి వదులుతుంది. చివికిపోతే పట్టలేదు. ఆ పట్టు ఎంతుందో మిషను ఒక కోణంగా, డిగ్రీల్లో చూపిస్తుంది. నీ వయసు వాడికి ఆరో ఏడో వస్తుంది. నాయనకు మొదట్లో ఐదు వచ్చేది. ఉగాదికి నాలుగు. ఇప్పుడు మూడు కూడా లేదు. ఒక్కసారి తగ్గితే మిషను తప్పనుకోవచ్చు. నేను స్టిక్కర్లు మార్చి చూశాను, చర్మం తుడిచి చూశాను, వేరే టెక్నీషియన్‌తో తీయించి చూశాను. కేబులు ఇలాంటి రీడింగు ఇస్తే నువ్వేమంటావో నాకు రాయక్కర్లేదు.

నాయనకు ఇదేమీ తెలియదు. కరెంటు పెట్టడమే వైద్యమనుకుంటున్నాడు. డయాలసిస్‌లో నీరు తీశాక ఒళ్ళు తేలికపడుతుంది కదా, ‘నీ కరెంటు మంచి కరెంటు లోగా’ అని మెచ్చుకుంటాడు. మిల్లులో బట్ట ఎన్ని గజాలొచ్చిందని అడిగినట్టే ప్రతిసారీ, ‘ఈ దినం ఎంత వచ్చింది?’ అని అడుగుతాడు. బాగుంది నాయనా అంటాను. ఒంటి మీద లోహం ఉండకూడదని మొలతాడుకున్న వెండి తాయెత్తు తీయమంటే మాత్రం వినడు. ‘అది తీసేది ఒక్క దినమే, ఆ దినం నన్ను అడగబల్లేదు, అడిగినా పలికేదానికి నేనుండను’ అన్నాడు ఒకసారి. అప్పటినుంచి ఆ తాయెత్తు జోలికి పోవడం మానేశాను.

ఇక నీ మూడో ప్రశ్న. ‘నాయనకు ఆపరేషన్ ఎప్పుడక్కా? తేదీ చెప్పు, ఆ వారం సెలవు పెట్టుకుంటా. ముందే వచ్చి సెలవు అయిపోగొడితే అప్పటికి దక్కదు’ అని రాశావు. ఈ ప్రశ్నకు జవాబు రాయడానికే ఇందాకటినుంచీ నెత్తళ్ళ గురించీ స్టిక్కర్ల గురించీ రాస్తున్నాను.

నీకు తెలుసు కదా, నాయన ఎడమచేతిలో డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన దారి గడ్డకట్టి మూసుకుపోయింది. ఇప్పుడు మెడలో గొట్టం పెట్టి నడుపుతున్నారు. గొట్టం ఎక్కువకాలం ఉంచితే చీము పడుతుంది, జ్వరం వస్తుంది. కుడిచేతికి కొత్తగా దారి చేయాలంటే ఇంకో ఆపరేషన్ కావాలి. చేయాలా వద్దా అన్నది నాయన చెప్పాలి. నిన్న డాక్టరు అదే అడిగాడు.

డాక్టరు గుంటూరు వైపు కుర్రవాడు, మంచివాడు. పుదుచ్చేరిలో తెలుగు మాట్లాడే పేషెంటు దొరికాడని నాయన అంటే ఇష్టం. నేను కొలత తీసి స్టిక్కర్లు పీకుతున్నాను. ఆయన మంచం పక్కన కూర్చుని, ‘పెద్దాయనా, కుడిచేతికి ఆపరేషన్ చేయవచ్చు. చేయమంటారా?’ అన్నాడు.

నాయన, ‘ఇప్పుడేం అవసరం లేదు సార్’ అన్నాడు.

శరవణా, నీకు అర్థమైంది కదా. మన ఇంట్లో అవసరమంటే తొందర. అరవంలో ఉన్నట్టే. అవసరంగా వచ్చినాను, అవసరంగా పోవాల అంటాం. నాయన చెప్పింది, ఇప్పుడే తొందరేం లేదు సార్, నిదానంగా చేయండి అని. నువ్వు వచ్చాక చేయించుకోవాలని ఆయన ఆలోచన. గుంటూరు డాక్టరుకు వినబడింది, ఆపరేషన్ నాకక్కర్లేదు అని. యానాంలో నువ్వు కూడా ఈపాటికి ఈ మాట దగ్గర బోర్లా పడే ఉంటావు. నేను పడ్డాను. ఒకసారి సెలైన్ బాటిల్ తెమ్మని నర్సుతో ‘అవసరం అవసరం’ అని అరిస్తే, ఆమె ‘అవసరమైతే తెస్తాంలేండి, అరవడమెందుకు’ అని నిమ్మళంగా నడిచి వచ్చింది.

డాక్టరు కాసేపు నాయన చేతిమీద చెయ్యి వేసి, ‘సరే పెద్దాయనా, మీ ఇష్టమే మా ఇష్టం’ అన్నాడు. ‘సంతోషం సార్’ అన్నాడు నాయన. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు, ఇద్దరూ అర్థమైందనే అనుకున్నారు. బయటికొచ్చాక డాక్టరు నాతో, ‘మీ నాన్నగారు చాలా ధైర్యంగా చెప్పారండి. ఆ రీడింగులు చూస్తే నేనైనా వద్దనే అనేవాణ్ణి. గొట్టంతో నడిచినన్నాళ్ళు నడుపుదాం, ఇంక ఆయన్ని కోయొద్దు’ అన్నాడు.

నేను ‘అవునండి’ అన్నాను.

ఆ గదిలో రెండు అర్థాలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ‘కాదు సార్, మా నాయన అన్నది అది కాదు’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకంటావా? నాకు అలసటగా ఉందిరా. ఆ కోణం అంతకంతకూ దిగడం నా కళ్ళతో చూస్తున్నాను. ఆ చేతిని మళ్ళీ కోస్తారు, పుండు మానదు, ఆయన నొప్పితో నా వైపు చూస్తాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు, చేయమనడానికి ధైర్యం చాలదు. ఆ మాట నాయన నోటినుంచే వచ్చినట్టయింది కదా, పోనీలే అనిపించింది. దాన్నే డాక్టరు ధైర్యమన్నాడు. నాకు గుండెలమీద రాయి తీసినట్టయింది, నిజం చెబుతున్నాను. ఆటోలో వచ్చేటప్పుడు నాయన, ‘డాక్టరు తేదీ ఏమన్నా జెప్పినాడా?’ అని అడిగాడు. ‘అవసరం లేదు నాయనా’ అన్నాను. ఆయనకు ఒక అర్థంలో వినబడింది, నేను రెండో అర్థంలో అన్నాను. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

కాబట్టి తేదీ లేదు. నువ్వు తేదీ కోసం చూస్తున్నావు, నాయన నీకోసం చూస్తున్నాడు, డాక్టరు ఇంక దేనికోసమూ చూడడం లేదు. ఇప్పుడేం చేయాలో తోచక నీకు రాస్తున్నాను. చెప్పకుండా ఉండిపోదామా? నువ్వు కూడా ఊరుకుంటే నాకు కొంచెం తోడుగా ఉంటుంది. ఇలా అడగకూడదని తెలుసు. మీ బావ వచ్చాడు, ఇక్కడికి ఆపుతున్నాను.

ఆదివారం.

శుక్రవారం నాడు రాసింది మళ్ళీ చదివాను. చింపేద్దామనుకున్నాను, చింపలేదు. అక్క ఏం చేసిందో ఉన్నదున్నట్టు నీకు తెలియాలి. ఈలోగా ఇక్కడ వేరే జరిగింది.

ఈ పొద్దున నాయనకు పెరుగన్నం కలిపి ఇచ్చి వంటింట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి ఎడమచేత్తో తింటున్నాడు. మన నాయన! చిన్నప్పుడు నువ్వు ఎడమచేత్తో మురుకు అందుకుంటే వేళ్ళ మీద కొట్టినవాడు. స్పూను కూడా కాదు, చేత్తోనే. ఆ వాచిన వేళ్ళకు ముద్ద నిలవక లుంగీ నిండా మెతుకులు పడి ఉన్నాయి. నన్ను చూసి దొరికిపోయినట్టు నవ్వాడు.

‘ఏంది నాయనా ఇది?’ అన్నాను.

‘కుడిచేతికి ఆపరేషన్ చేస్తే కొన్ని దినాలు ఆ చేత్తో తినేదానికి కాదంట గదా. ఇప్పుడే ఈ చేత్తో తినేది పళక్కం చేసుకుంటా ఉండా. నీకు తినిపించే పని ఒకటి మిగిలితే ఎట్ల? డ్యూటీకి పోవాల గదా నువ్వు.’

నేను ఆ మెతుకులు ఏరుతూ కింద కూర్చుండిపోయాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన, ‘ఎందుకు మే ఏడుస్తావు, లుంగీ నేనే పిండుకుంటా’ అంటున్నాడు. ఇంక నావల్ల కాలేదు. చెప్పేశాను. డాక్టరు అడిగింది, నాయన అన్నది, డాక్టరుకు అర్థమైంది, తేదీ లేదన్నది, అన్నీ చెప్పాను.

నాయన ఎడమచెయ్యి కంచంలో పెట్టుకునే వింటున్నాడు. మొదట, ‘వాడూ తెలుగోడే గదా, ఎట్ల అర్థం కాలేదు?’ అన్నాడు. వాళ్ళ తెలుగులో ఆ మాటకు వేరే అర్థమని చెప్పాను. ‘సరే, పాపం, ఆయన యాడనో గుంటూరోడు. ఆయనకు తెలీదు’ అన్నాడు. వీధిలో నీళ్ళ లారీ వచ్చింది, బిందెలు తీసుకుని అందరూ పరుగెత్తారు, నేను కదలలేదు.

‘నువ్వు ఆడనే నిలబడుకోని ఉండావు గదా లోగా’ అన్నాడు. ‘నీకు రెండూ తెలుసును గదా. నువ్వేం జెప్పినావు?’

‘ఏం చెప్పలేదు నాయనా.’

‘ఎందుకు జెప్పలేదు?’

అప్పుడు మిషను సంగతి చెప్పాను. అది వైద్యం కాదు, కొలత మాత్రమేనని చెప్పాను. ఐదు ఉండేది మూడుకు కిందికి దిగిందని, అలా దిగితే ఏమని అర్థమో కూడా చెప్పాను. ‘బాగుంది అంటా ఉంటివే ప్రతిసారీ’ అన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. లేచి తనే గోడ పట్టుకుని పోయి చెయ్యి కడుక్కున్నాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. కిటికీ పక్కకు వచ్చి కూర్చుని అప్పుడన్నాడు:

‘చేయించుకుంటానో, చాల్లే అంటానో, అది నేను జెప్పాల. నీ మిషను జెప్పగూడదు, నువ్వూ జెప్పగూడదు. నేనింకా ఉండాను గదా.’

శరవణా, నేను ఎంతోమందికి ఆ స్టిక్కర్లు అంటించాను. మా వార్డులో అందరం రీడింగు చూసి మనిషి గురించి మాట్లాడుకుంటాం, మంచం మీదున్న మనిషికి వినబడదన్నట్టు. ఇంట్లో కూడా అదే చేశాను. నాయన ఆ మాట అంటుంటే కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నా తలమీద చెయ్యి వేయలేదు, నా చేతులు తీయమనీ అనలేదు.

రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోతున్నాను. నాయన అన్న మాటకు అర్థం ఇది, తెలిసి కూడా ఆ రోజు నేను నోరు మెదపలేదు అని చెబుతాను. ఆయన ఏమంటే అది పడతాను. ఆపరేషన్ చేస్తే తట్టుకుంటాడా లేదా అన్నది కూడా ఈసారి దాచకుండా నాయన ముందే చెప్పమంటాను. నువ్వు కూడా ఊరుకో అని శుక్రవారం నాడు అడిగాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం వస్తే నన్ను తిట్టు, కానీ వచ్చి తిట్టు.

నీతోపాటు పనిచేసే జగన్నాథన్ సెలవు ముగించుకుని ఈ సాయంత్రం రైలుకు బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికిచ్చి పంపుతున్నాను. రేపటికి నీకు అందుతుంది. ఇది చదివాకే ఫోను చెయ్యి, నాయనకు ఇస్తాను. ఇంక స్పీకర్లో పెట్టను, మీరిద్దరే మాట్లాడుకోండి.

ఇందాక, ఉత్తరం అయిపోయిందా అని నాయన అడిగాడు. ఇంకో రెండు ముక్కలున్నాయి, ఏమన్నా రాయాలా అన్నాను. ఎడమచేతి వేళ్ళు ఒకటొకటే ముడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, ‘శరవణన్‌ను రమ్మని రాయి’ అన్నాడు. ‘అవసరం అని రాయి.’

ఆ మాటను మన ఇంటి అర్థంలోనే చదువుకో తమ్ముడూ.

ఇట్లు,
నాయన చెప్పింది చెప్పినట్టు రాసిన
నీ అక్క
లోగనాయకి